మధ్యాహ్నం మూడింటికి చూసిన కన్ను

ఆర్థిక సంస్కరణలు మొదలైన రెండో ఏడు, వానలు ఇంకా పట్టుకోని జూన్ నెలలో, నన్ను చంద్రపూర్‌లోని ఒక బొగ్గుగనుల ఆస్పత్రికి బదిలీ చేశారు. హోదా మెడికల్ స్పెషలిస్టు, నేత్ర విభాగం. విభాగం అనగానే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. నేను, ఒక నర్సు, ఒక స్లిట్‌ల్యాంపు, అంతే. స్లిట్‌ల్యాంపు అంటే సన్నటి వెలుగు గీతను కంటి మీద పడేలా చేసి పొరపొరనూ పెద్దది చేసి చూపే యంత్రం. మాది పాతది. గడ్డం ఆనించే చోట పట్టీ ఊడిపోతే ప్లాస్టరు చుట్టి వాడుకున్నాం. రోగులను చూసే వేళలు పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా.

నాది హనుమకొండ. గని కాలనీల్లో కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు చాలా ఉండేవి. హిందీలోనో మరాఠీలోనో తడుముకోకుండా నొప్పి చెప్పుకోవచ్చని వాళ్లంతా నా గదికే వచ్చేవారు. నాకేమో కోపం ముక్కు మీద ఉండేది. అయినా వచ్చేవారు.

ఆ రోజుల్లో నా పనిలో సగం వైద్యం, సగం సర్టిఫికెట్లు. మిగులు సిబ్బంది, స్వచ్ఛంద పదవీ విరమణ అనే మాటలు గనుల్లోకి అప్పుడప్పుడే దిగుతున్నాయి. పై ఆఫీసు నుంచి నెలకో సర్క్యులర్ వచ్చేది. జబ్బు పేరుతో తరచూ నాగా పెట్టేవాళ్లను సంబంధిత స్పెషలిస్టు పరీక్షించి, పనికి అర్హుడో కాదో రాసివ్వాలని అందులో ఒకటి చెప్పింది. నిజం చెప్పాలంటే దొంగ జబ్బులు లేకపోలేదు. సున్నమో పొగాకో రాసుకుని కన్ను ఎర్రజేసుకుని వచ్చినవాళ్లను నేనే పట్టుకున్నాను. పట్టుకున్నందుకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఓదెలు నా దగ్గరికి మొదటిసారి వచ్చింది ఆ గర్వం బాగా ముదిరిన రోజుల్లోనే. లాల్‌పేట్ క్వార్టర్లలో ఉండేవాడు. టింబర్‌మన్, అంటే గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. ముప్పై ఏళ్లుంటాయి, దిట్టమైన మనిషి. ఎడమ కంట్లో నొప్పి అన్నాడు. దెబ్బ ఎట్లా తగిలిందని అడిగాను. బొగ్గు పెళ్లనో, చెక్క పేడునో చెబుతాడనుకుంటే, తల గోక్కుంటూ నిజం చెప్పాడు.

"మా చిన్నపిల్ల గోరు దాకింది మేడం. ఎత్తుకుంటే కంట్లె ఏలు వెట్టింది. పది నెల్ల పిల్ల."

నర్సు నవ్వింది. నేను నవ్వలేదు గానీ, నవ్వినంత పనయింది. గోరు దాకి అప్పటికి రెండు నెలలు. మర్నాటికే మానిందట. కొన్నాళ్లకు, దెబ్బ లేదు ఏమీ లేదు, మళ్లీ అదే నొప్పి. పదిహేను రోజులకోసారి వచ్చి గంటా రెండు గంటల్లో పోతోందన్నాడు. స్లిట్‌ల్యాంపులో చూశాను. తర్వాత రంగు కాగితం వాడాను. అది నారింజ రంగు అద్దిన చిన్న కాగితం ముక్క. తడిపి కంటికి తాకిస్తే, పై పొర లేచిన చోట మాత్రమే రంగు నిలిచి, నీలి వెలుగులో పచ్చగా కనిపిస్తుంది. ఓదెలు కంట్లో ఎక్కడా నిలవలేదు. కన్ను అద్దంలా ఉంది. ఒక్కటే తేడా. రెప్పవెంట్రుకలు జిడ్డుగా ఉన్నాయి, ఆముదం వాసన కొట్టింది.

రాత్రి పడుకునే ముందు భార్య ఆముదం చుక్క కంట్లో వేస్తోందట. నాకు ఒళ్లు మండింది. కంట్లో నాటు నూనెలు పోసుకుని చూపు పోగొట్టుకున్నవాళ్లను చూసినదాన్ని. ఓదెలు వెనకే నిలబడ్డ ఆవిడను, కనకవ్వను, నలుగురి ముందు కడిగేశాను. మందుల చిట్టీ మీద పెద్ద అక్షరాలతో "కంట్లో నూనె వేయరాదు" అని ఇంగ్లీషులో రాసి, కింద రెండు గీతలు గీశాను. ఏవో చుక్కల మందు పగటికి రాసిచ్చాను. పనికి అర్హుడని సర్టిఫికెట్ కూడా ఇచ్చాను. అది మొదటిది.

తర్వాతి నాలుగు నెలల్లో ఓదెలు నొప్పి పెరిగింది. వారానికి మూడుసార్లు క్యాజువాలిటీకి వస్తున్నాడని రిజిస్టరు చెప్పేది. డ్యూటీ డాక్టరు "ఎడమ కన్ను ఎరుపు, నీరు కారుతోంది" అని రాసి నా దగ్గరికి పంపేవాడు. నా దగ్గరికి వచ్చేసరికి పొద్దున పది, పదకొండు. అప్పటికి కన్ను తేటగా ఉండేది. అతను అదే మాట మళ్లీ చెప్పేవాడు.

"అబద్ధమాడుతలేను మేడం. పండుకోని లేసి కన్ను తెరుస్తనే సుర్రుమంటది. మీ తాన్కి వచ్చెవరకు పోతది. నేనేం జెయ్యాలె?"

నేను విన్నాను. విన్నాననే అనుకున్నాను. రెండో సర్టిఫికెట్, మూడో సర్టిఫికెట్ కూడా అలాగే రాశాను. కన్ను మామూలుగా ఉంది, పనికి అర్హుడు, అని. మూడోదాని కింద, అడక్కపోయినా, "లక్షణాలకూ పరీక్షకూ పొంతన లేదు" అని ఒక వాక్యం చేర్చాను. మా భాషలో ఆ వాక్యానికి అర్థం, మనిషి నటిస్తున్నాడని.

ఆ వాక్యాన్ని పట్టుకుని పర్సనల్ విభాగం ఓదెలుకు చార్జిషీటు ఇచ్చింది. జబ్బు నటించి విధులకు గైర్హాజరు కావడం అనేది అభియోగం. రుజువైతే ఉద్యోగం నుంచి తొలగింపు. విచారణకు ముందు వైద్యపరమైన తుది అభిప్రాయం రాసిమ్మని మా చీఫ్ మెడికల్ ఆఫీసర్ నాకు చెప్పారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మరాఠీ మనిషి, నెమ్మదస్తుడు. అభిప్రాయంతోపాటు అతను నొప్పి అని వచ్చిన తేదీలు, వేళలు పట్టికగా వేస్తే విచారణ అధికారికి సులువవుతుందన్నారు.

పట్టిక నేనే వేశాను. అతను అబద్ధాలకోరని తేల్చడానికే వేశాను, ఆ మాట దాచను. క్యాజువాలిటీ రిజిస్టరు నుంచి వేళలు తీసుకుంటే మొదట అంతా గందరగోళంగానే కనిపించింది. ఒక వారం పొద్దున ఆరు గంటలప్పుడు నొప్పి. మరో వారం ఎనిమిదికి. ఇంకో వారం మధ్యాహ్నం మూడుకు. నిజమైన జబ్బుకు ఒక పద్ధతి ఉండాలి కదా అనుకుంటూ, గని నుంచి తెప్పించిన హాజరు కాగితాలు పక్కన పెట్టుకున్నాను. గనిలో మూడు షిఫ్టులు, వారానికోసారి మారతాయి. పొద్దున ఎనిమిదికి మొదలయ్యేది, సాయంత్రం నాలుగుకు మొదలయ్యేది, రాత్రి పన్నెండుకు మొదలయ్యే రాత్‌పాళీ. రాత్‌పాళీ వాళ్లు ఎనిమిదికి బయటికొచ్చి, ఇల్లు చేరి, స్నానం చేసి, తిని, తొమ్మిదిన్నరకు పడుకుంటారు. మధ్యాహ్నం మూడుకు లేస్తారు.

నొప్పి వేళలు షిఫ్టుల వెంటే జరుగుతున్నాయి. ఒక్క వారం కూడా తప్పలేదు. పని మధ్యలో నొప్పి వచ్చిందన్న ఫిర్యాదు ఒక్కటీ లేదు. పని ఎగ్గొట్టే ఉద్దేశం ఉన్నవాడికి పని మధ్యలోనే కదా నొప్పి రావాలి. అతను గడియారం చూసి చెప్పడం లేదు, నిద్ర లేచి చెబుతున్నాడు. నాలుగు నెలలుగా ఆ మాటే చెబుతున్నాడు. నేను మాత్రం తొమ్మిదికీ ఒంటిగంటకూ మధ్య అతని కంట్లో జబ్బును వెతుకుతున్నాను. తల కొట్టేసినట్టయింది.

ఆ వారం ఓదెలుకు రాత్‌పాళీ. మర్నాడు పొద్దున సెలవు పెట్టి, చేతిసంచిలో రంగు కాగితాలు, భూతద్దం, నీలి గాజు బిగించిన టార్చి వేసుకుని లాల్‌పేట్ వెళ్లాను. ఒక గది, వంటకు కాస్త చోటు ఉన్న క్వార్టరు. కనకవ్వ నన్ను చూసి బెదిరి, ఉన్న ఒక్క కుర్చీ ఓదెలు మంచం పక్కన వేసింది. ఓదెలు అప్పుడే పడుకోబోతున్నాడు. నువ్వు పడుకో, లేచేటప్పుడు చూస్తానన్నాను. అతను గోడవైపు తిరిగాడు. గంట గడిచింది. మళ్లీ ఇటు తిరిగాడు.

"మీరు గిట్ల మీది మీదికి కూసుంటే నిద్రెట్ల వస్తది మేడం?" అన్నాడు, కళ్లు మూసుకునే.

అదీ నిజమే. ఈలోగా డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుందన్న కబురు కాలనీ అంతా పాకింది. ఓదెలుకు ఏదో అయిపోయిందని ఇద్దరు ఆడవాళ్లు ఏడుపు మొహాలతో రానే వచ్చారు. కనకవ్వ వాళ్లను గుమ్మంలోనే ఆపి, "ఏం గాలే, మంచిగనే ఉన్నడు, జర సప్పుడు జెయ్యకుండ్రి" అని పంపించింది. ఆ రోజు ఓదెలు నిద్రపోలేదు. నిద్ర లేకపోతే నొప్పి లేదు. ఉత్తచేతులతో వెనక్కొచ్చాను.

రెండో రోజు తెలివి తెచ్చుకుని మధ్యాహ్నం రెండున్నరకు వెళ్లాను. అతను మంచి నిద్రలో ఉన్నాడు. చంటిపిల్ల కూడా అతని పక్కనే పడుకుని ఉంది. మూడు దాటాక కదిలాడు. రెప్పలు విడివడ్డాయో లేదో, చెయ్యి ఎడమ కంటి మీదికి పోయింది, ఒళ్లంతా బిగుసుకుంది. నొప్పి నటించేవాడు ముందు ఎదుటివాళ్ల మొహం చూస్తాడు. ఓదెలుకు నేను ఉన్న సంగతే గుర్తు లేదు. రెప్ప విడదీసి రంగు కాగితం తాకించి టార్చి వేశాను. నల్లగుడ్డు కింది భాగంలో, పెసరగింజంత మేర, పచ్చటి మరక. దాని అంచున పై పొర చిరిగి వేలాడుతోంది.

"కనవడ్డదా మేడం?" అని అడిగాడు.

కనబడిందన్నాను. అతను నొప్పిలోనే, "అయితె రాసుకోండ్రి" అన్నాడు.

దీన్ని కార్నియా పై పొర మాటిమాటికీ ఊడటం అంటాం. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. కార్నియా అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన అద్దం. దాని పై పొర కణాలు ఊరికే పరుచుకుని ఉండవు. ప్రతి కణం అడుగునా పట్టు అణువులు ఉంటాయి. వాటిని ఇంటిగ్రిన్లంటారు. అవి కిందనున్న ఆధార పొరను, ఆ పొరలోని లామినిన్ అనే పదార్థాన్ని, పట్టుకుంటాయి. ఆధార పొర తన దారాలతో అడుగునున్న కొలాజెన్ అల్లికకు కట్టుబడి ఉంటుంది. గోరులాంటిది పైపైన గీరితే పై కణాలు ఒకటి రెండు రోజుల్లో కప్పేస్తాయి. చూడ్డానికి మానిపోతుంది. అడుగున పట్టు కుదరడానికి మాత్రం వారాలు, నెలలు కావాలి. పెచ్చులూడిన గోడ మీద సరిగా గీకకుండా సున్నం కొట్టినట్టు ఉంటుందన్నమాట. నిద్రలో కన్ను ఆరి, రెప్ప ఆ పొరకు అంటుకుంటుంది. లేచి కన్ను తెరవగానే రెప్పతోపాటు అది లేచిపోతుంది. ముక్క చిన్నదైతే కొద్ది గంటల్లో మళ్లీ కప్పుకుంటుంది, పదకొండుకు చూసే డాక్టరుకు అద్దంలా కనిపిస్తుంది. లోతుగా దిగిన బొగ్గు పెళ్లకు ఈ బాధ తక్కువ. అది అడుగు అల్లిక దాకా చీలుస్తుంది కాబట్టి అక్కడ గట్టి మచ్చ కట్టి పట్టు దొరుకుతుంది. పసిపిల్ల గోరు అంత లోతుకు పోదు.

కంటికి కట్టు కడుతుంటే కనకవ్వ గోడకున్న క్యాలెండరు వెనక నుంచి ఒక కాగితం తీసి చూపించింది. నా చిట్టీయే. కింద రెండు గీతలు.

"ముందుగాల గింత లేకుండె అమ్మా," అంది. "ఆముదం ఏసినన్ని దినాలు పదిహేను రోజులకోపారి వచ్చేది. నువ్వు వద్దంటివి, బంద్ వెట్టిన. గప్పటి సంది ఎక్కువైంది."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. ఈ జబ్బుకు మొదటి మందు పడుకునే ముందు కంట్లో జిడ్డు లేపనం. రెప్పకూ పొరకూ మధ్య జిడ్డు ఉంటే అవి అంటుకోవు, అడుగున పట్టు కుదరడానికి వ్యవధి దొరుకుతుంది. శుభ్రం లేని ఆముదం కంట్లో వేయమని నేను ఇప్పటికీ చెప్పను. కానీ దాన్ని మాన్పించి, దాని స్థానంలో ఏమీ ఇవ్వకుండా ఆ మనిషిని నాలుగు నెలలు ఎండు కంటితో పడుకోబెట్టింది నేను.

ఆ వారమే ఆస్పత్రిలో చికిత్స చేశాను. కంటికి మత్తు చుక్కలు వేసి, పట్టులేని పై పొరను తీసేసి, కొన వంచిన సన్నటి సూదితో ఆ మేరంతా చిన్న చిన్న పోట్లు పొడిచాను. పోటు అడుగు అల్లిక దాకా దిగాలి. దిగిన చోటల్లా కొత్త అల్లిక పుట్టి, పై కణాలకు పట్టు దొరుకుతుంది. లోతు లేని గాయానికి లోతు కల్పించడమే ఈ వైద్యం. తీసిన పొరను పరీక్షకు హైదరాబాద్ ల్యాబులో ఉన్న నా క్లాస్‌మేట్ విమలకు పంపాను. మామూలుగా నమూనాలు నిల్వ ఉంచే ఫార్మలిన్‌లో వేస్తే పట్టు అణువులకు రంగు పట్టదు, ఐసులోనే కావాలని ఆమె ఫోన్లో మరీ మరీ చెప్పింది. బల్లార్‌పూర్‌లో రైలెక్కే ఒక తెలిసినాయన చేతికి ఐసు నింపిన టీ ఫ్లాస్కు ఇచ్చాను.

ఇక అభిప్రాయం రాయడం మిగిలింది. చీఫ్ తలుపు వేసి హిందీలో ఒక మాట చెప్పారు. మూడు సర్టిఫికెట్లూ నీవే, వాటిని కదిలించకు. నాలుగోదాంట్లో "ఇటీవల తలెత్తిన జబ్బు" అని రాయి. నీ రికార్డు బాగుంటుంది, అతని కన్నూ బాగవుతుంది, అన్నారు. నా మేలు కోరే అన్నారు. అయితే అలా రాస్తే అంతకుముందటి నాగాలన్నీ దొంగ నాగాలే అవుతాయి. అభియోగం నిలుస్తుంది. కన్ను బాగై, ఉద్యోగం పోతుంది. ఇది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

నేను ఆయన చెప్పినట్టే రాశాను. టైపు చేయించి, సంతకం పెట్టకుండా రెండు రోజులు సంచిలో పెట్టుకు తిరిగాను. సీనియర్ హోదాకు నా పేరు ఆ ఏడే పరిశీలనకు వెళ్లాల్సి ఉంది. భయపడ్డాను.

మూడో రోజు ఓదెలు కట్టు విప్పడానికి వచ్చాడు. పై పొర కప్పుకుంది, తేటగా ఉంది. మూడు నెలలపాటు పడుకునే ముందు కంట్లో పెట్టమని లేపనం ట్యూబు కనకవ్వ చేతికిచ్చాను. ఆమె మూత తీసి వేలికి రాసుకుని చూసింది.

"గిది గూడ ఆముదం లెక్కనే జిడ్డుగున్నది గద అమ్మా."

అవునన్నాను. నొప్పి ఎక్కువైనప్పుడు మళ్లీ ఆముదం ఎందుకు వేయలేదని, ఎందుకో, అడిగాను. ఆమె ఓదెలు వైపు ఒకసారి చూసి చెప్పింది.

"చిట్టీల వద్దని రాసి ఉన్నది గద. ఎయ్యాల్నని మస్తు పాణం గుంజింది. ఏస్తె, డాక్టరమ్మ మాట ఇనలేదని గూడ కాయితం మీద రాస్తరు, ఆయన నౌకరీ పోతదని ఊకున్న."

నా మాట తప్పని ఆమెకు రోజూ కళ్లెదుట కనిపిస్తూనే ఉంది. అతని ఉద్యోగం కోసం నా మాటే పాటించింది. ఆ సాయంత్రం సంచిలోని కాగితం చింపేశాను.

విచారణలో నేను ఇచ్చిన వాంగ్మూలం ఒకటిన్నర పేజీ. జబ్బు మొదటి రోజు నుంచీ ఉన్నదని, మూడు సర్టిఫికెట్లూ జబ్బు కనిపించని వేళలో చేసిన పరీక్ష మీద ఆధారపడ్డాయని, వాటిని ఉపసంహరించుకుంటున్నానని రాశాను. షిఫ్టుల పట్టిక జతచేశాను. నూనె మానిపించి బదులు ఏదీ ఇవ్వకపోవడం వల్ల జబ్బు ఎక్కువైందని, ఆ సూచన నాదేనని చివర రాశాను. కనకవ్వ దాచిన చిట్టీని రుజువుగా పెట్టాను. పర్సనల్ అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది మీకు వ్యతిరేకంగా ఉంది కదా మేడం అన్నాడు. ఉందన్నాను.

అభియోగం కొట్టేశారు. నాగాలను జబ్బు సెలవుగా మార్చారు. ఓదెలు పనికి వెళ్లాడు, నేను అక్కడ ఉన్న మిగతా మూడేళ్లలో ఆ కంటితో మళ్లీ రాలేదు. నాకు అజాగ్రత్తకు హెచ్చరిక లేఖ వచ్చింది. సీనియర్ హోదా రెండేళ్లు ఆలస్యమైంది. చీఫ్ నాతో కొన్నాళ్లు ముభావంగా ఉన్నారు.

విమల ఉత్తరం అంతా ముగిశాక వచ్చింది. కణాల అడుగున ఇంటిగ్రిన్లు ఉండాల్సిన గీత తెగిపోయి తునకలుగా ఉందని, ఆధార పొర మందమై, మడతలు పడి, చోట్లచోట్ల రెండు పొరలుగా ఉందని రాసింది. ఇది నాలుగు రోజుల్లో జరిగే మార్పు కాదు, నెలలు పట్టి ఉంటుందని కూడా రాసింది. ఆ ఉత్తరాన్ని ఓదెలు కేసు కాగితాల్లో జతచేయించాను.

మా సర్టిఫికెట్ ఫారంలో తేదీకి గడి ఉండేది, వేళకు ఉండేది కాదు. ఆ కేసు తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి సర్టిఫికెట్ మీదా తేదీ పక్కన, పరీక్ష చేసిన వేళా, రోగి నిద్ర లేచిన వేళా చేత్తో రాశాను. చిట్టీ మీద ఏదైనా వద్దని రాయాల్సి వస్తే, దాని బదులు ఏం వాడాలో రాయకుండా సంతకం పెట్టలేదు. నేను రాసింది తప్పయినా, వాళ్లు దాన్ని పాటిస్తారు.